బస్సుకి చెప్పండి

జూలై రెండో మంగళవారం. ఏలూరు నుంచి కైకలూరు వైపు వెళ్ళే ఉదయం ఏడూ నలభై బస్సు. తెల్లవారుజాము నుంచీ ముసురు.

హాజరైనవారు: నేను. మా చెల్లెలు. ఆమె కూతురు, అంటే నా మేనకోడలు. కండక్టరు గారు. డ్రైవరు గారు (ఆయన ఒక్కసారీ వెనక్కి తిరగలేదు కనక సగం హాజరు). ఎండుచేపలు అమ్మే ఆవిడ, రెండు గంపలతో. చేపల చెరువు గుమస్తా ఒకాయన. కాలేజీ పిల్లలు తొమ్మిదిమంది. నాకు పరిచయం లేని పెద్దలు పదకొండుమంది. సంచిలో తల బయటపెట్టి ఒక కోడిపుంజు.

డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. కాలవల ఆఫీసులో ముప్పై మూడేళ్ళు మీటింగులకు మినిట్సు రాసినవాణ్ణి. రిటైరై ఇన్నేళ్ళయినా ఎక్కడ నలుగురు కూడితే అక్కడ ముందు హాజరు వేసుకుంటాను. మా చెల్లెలి పెళ్ళికి కూడా వేశాను. "పీటల మీద నేనున్నానో లేదోనని అనుమానం వచ్చిందా అన్నయ్యా" అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ మంగళవారం హాజరు మాత్రం ఊరికే వేసింది కాదు. మా మేనకోడలు రోజూ ఒంటరిగా స్కూలుకి వెళ్ళగలదా, లేక ఆ ఉద్యోగం వదులుకుని ఏలూరులో ఏదో ఆఫీసు కుర్చీలో కూర్చోవాలా అన్నది ఆ రోజు ఆ బస్సులో తేలాలి. తేల్చవలసింది మా చెల్లెలు. అందుకే ఆవిడ పేరు పైన రాశాను.

మా మేనకోడలికి నాలుగో ఏట జ్వరం వచ్చి చూపు పోయింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంది, అక్కడి సిటీ బస్సుల్లో ఒక్కతే తిరిగింది, బీయీడీ చేసింది. ఈ జూన్‌లో కొల్లేటి పక్క ఒక ఊళ్ళో హైస్కూల్లో సోషల్ టీచరుగా పోస్టింగు వచ్చింది. ఆర్డరు కాగితం నేనే చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. మూడోసారి చదవమని అడగలేదు గాని నేనే చదివాను.

స్కూలు ఊళ్ళో కాదు, ఊరికి ముందే, రోడ్డు మలుపులో ఉంటుంది. బస్సు దిగితే గేటు ఇరవై ఆరు అడుగులు. నేను కొలిచాను. అక్కడిదాకా బస్సులో యాభై అయిదు నిమిషాలు. అందులో సగం దూరం రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళే. ఆ నీళ్ళే మా చెల్లెలి భయం. "వైజాగులో బస్సు దిగితే పేవ్‌మెంటు ఉంటుందన్నయ్యా. ఇక్కడ తప్పు చోట దిగితే ఏముంటుంది? చెరువు" అనేది.

అందుకని మొదటి పదిహేను రోజులూ ఆవిడే కూతుర్ని తీసుకుని వెళ్ళింది. వెళ్ళి తిరిగి వచ్చేదా అంటే అదీ లేదు. సాయంత్రం మళ్ళీ తీసుకురావాలి కదా అని పొద్దంతా స్కూలు వరండాలోనే కూర్చునేది. తనకి వేరే క్యారేజీ కట్టుకుని వెళ్ళేది. అటెండరు కుర్చీ వేశాడు. నాలుగో రోజుకి అది అమ్మగారి కుర్చీ అయిపోయింది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె మా మేనకోడల్ని అడిగిందట, "టీచర్ గారండీ, మీకు స్కూలంటే భయమాండీ? మీ అమ్మగారు రోజూ మీతో వస్తున్నారు" అని.

క్లాసంతా నవ్విందట. మా మేనకోడలూ నవ్వింది. ఇంటికొచ్చాక నవ్వలేదు. "అమ్మా, రేపటి నించి నేనొక్కదాన్నే వెళ్తాను" అంది. ఎక్కువ మాట్లాడదు గాని అన్నది వెనక్కి తీసుకోదు. తల్లి పోలిక.

ఒంటరిగా వెళ్ళిన మొదటి రోజు సోమవారం. మా చెల్లెలు బస్సెక్కించి, ఎందుకైనా మంచిదని కనిపించినవాళ్ళందరికీ అప్పగించింది. "మా అమ్మాయండీ, స్కూలు దగ్గర దిగాలండీ, కాస్త చెప్తారాండీ." మా మేనకోడలు కూడా ఎందుకైనా మంచిదని మళ్ళీ అడిగింది. మొత్తం ఏడుగురు మాటిచ్చారు. మన వైపు మర్యాద తెలిసిందే. "అయ్యో, చెప్పకపోతే ఎలాగండీ, మీరు నిశ్చింతగా కూర్చోండి."

ఆమె నిశ్చింతగా కూర్చుంది. బస్సు స్కూలు దాటింది, ఊరు దాటింది, ఇంకో రెండు ఊళ్ళు దాటింది.

తరవాత నేను విచారించి రాసుకున్న వివరాలివి. ఏడుగురిలో ముగ్గురు స్కూలుకి ముందే దిగిపోయారు. దిగేముందు ముగ్గురూ బాధ్యతగా పక్కాయనకి అప్పజెప్పారు. పక్కాయన ముగ్గురికీ సరేనని నిద్రపోయాడు. ఇద్దరు, అంతమంది చెప్తామన్నాక మధ్యలో మనమెందుకని ఊరుకున్నారు. చెరువు గుమస్తా గారూ స్కూలుకి ముందే దిగుతారు గాని, ఫోనులో మేత లోడు గురించి మాట్లాడుతూ ఎవరికీ అప్పజెప్పకుండానే దిగిపోయారు. ఏడో ఆయన స్కూలు రావడం చూశాడు. "టీచర్ గారు ఏదో ఆలోచనలో ఉన్నారండీ. పెద్ద చదువులు చదివినావిణ్ణి కదిలించడం ఏం బాగుంటుందని" అన్నాడు నాతో. అబద్ధం చెప్పలేదని ఆయన మొహం చూస్తే తెలుస్తోంది.

ఎదురు బస్సులో వెనక్కి వచ్చి స్కూలు చేరేసరికి మొదటి పీరియడు అయిపోయింది. హెడ్మాస్టరు గారు ఏమీ అనలేదు. అననందుకే మా మేనకోడలికి బాధ.

ఆ సాయంత్రం కండక్టరు గారు అడ్రసు కనుక్కుని మా చెల్లెలి ఇంటికి వచ్చాడు. చేతిలో డజను అరటిపళ్ళు. యాభై దాటిన మనిషి, గడప బయటే నిలబడ్డాడు.

"అమ్మా, తప్పు నాదేనండి. అప్పుడు నేను వెనకాల టిక్కెట్లు కొడుతున్నానండి. ఇంతమంది చెప్తామంటున్నారు కదాని నేనూ ధీమాగా ఉన్నానండి."

మా చెల్లెలు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. అరటిపళ్ళు లోపల పెట్టింది. ఆయన వెళ్ళేదాకా చిరునవ్వు చెదరలేదు. వెళ్ళగానే నా వైపు తిరిగింది.

"అన్నయ్యా, డెప్యుటేషన్‌కి అర్జీ రాయి. ఏలూరులో ఏ ఆఫీసయినా సరే."

"అమ్మా, నేను టీచర్ని. నాకు పిల్లలు కావాలి, ఫైళ్ళు కాదు" అంది మా మేనకోడలు.

"నాకు నువ్వు కావాలి" అంది మా చెల్లెలు.

ఇద్దరూ నా వైపు తిరిగారు. మా ఇంట్లో అర్జీలన్నీ నేనే రాస్తాను కనక తీర్పు కూడా నేనే చెప్పాలన్నట్టు. నేను ఆఫీసు పద్ధతిలో వారం గడువు అడిగాను. వచ్చే మంగళవారం మా చెల్లెలు వెనక సీట్లో నోరు మెదపకుండా కూర్చుని చూడాలి. అమ్మాయి ఎవరి దయా లేకుండా సరైన చోట దిగితే సరే. లేకపోతే అర్జీ పోస్టులో వేస్తాం. నమ్మకం కుదరాలని అర్జీ డ్రాఫ్టు అప్పటికప్పుడే రాసి, మడిచి, డైరీలో పెట్టుకున్నాను.

మంగళ, బుధ, శుక్రవారాలు వరండా కుర్చీ మళ్ళీ నిండింది. నేను మాత్రం నా పద్ధతిలో పనికి దిగాను. దారంతా గుర్తులుంటాయి కదా, వాటన్నిటినీ వరసగా రాసి ఆమెకి కంఠతా పట్టిస్తే చాలుననుకున్నాను. చూపు లేకుండా గుర్తులు ఎలా తెలుస్తాయో చూడాలని స్కూలుకి సెలవు వచ్చిన గురువారం నాడు అదే బస్సెక్కి, జేబురుమాలు కళ్ళకి కట్టుకుని, డైరీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

రెండు నిమిషాలు కాలేదు, పక్కనించి గొంతు వినిపించింది. "ఆపరేషన్ ఏ కంటికండీ?"

"ఆపరేషన్ కాదండీ, ఊరికేనే."

"ఊరికే ఎవరు కడతారండీ కళ్ళకి? మా బావగారూ ఇలాగే, ఏం లేదు ఏం లేదనేవారు. చివరికి రెండు కళ్ళకీ చేశారు."

వెనక సీటాయనకి కూడా ఒక బావగారున్నారు. ముందు సీటావిడ అత్తగారికి చుక్కల మందు పడలేదట. చుక్కల మందుల గురించి నేను ఆ రోజు తెలుసుకున్నన్ని విషయాలు నా జీవితంలో తెలుసుకోలేదు. మధ్య మధ్య నేను డైరీలో తడుముకుంటూ రాస్తున్నాను. రైలు గేటు దగ్గర రెండు కుదుపులు. రైసుమిల్లు దగ్గర వడ్లు ఉడికిన వాసన. లాకుల దగ్గర నీటి హోరు. రెండు చెవులకీ ఒకేసారి గాలి తగిలితే కొల్లేరు. ఎండుచేపల వాసన. మళ్ళీ ఎండుచేపల వాసన. దారి పొడుగునా ఎండుచేపల వాసనే. దిగాక తెలిసింది, ఆ రోజు అవతలి ఊరి సంతకి వెళ్తున్న ఎండుచేపలావిడ గంపలు రెండూ నా కాళ్ళ దగ్గరే పెట్టి ఉన్నాయి.

స్కూలు వస్తే చెప్పమని నేనూ అడిగాను. "మేం చెప్తాం కదండీ, ఆపరేషన్ అయిన మనిషి, కదలకండి" అన్నారు. నేనూ రెండు ఊళ్ళు దాటి దిగాను.

సాయంత్రం మా మేనకోడలికి ఆ జాబితా చదివి వినిపించాను. మొత్తం పంతొమ్మిది గుర్తులు. తప్పు రాసినవి కొట్టేసి, దారి మళ్ళీ గుర్తు తెచ్చుకుని సాఫు ప్రతి తయారు చేశాను. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వింది.

"మావయ్యా, ఇందులో పదకొండు వాసనలే ఉన్నాయండీ. నాకు జలుబు చేస్తే?"

నేను ఆ సంగతి ఆలోచించలేదు.

"మిల్లు రోజూ వడ్లు ఉడకబెడుతుందా? కుదుపులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే క్లాసులో ఏం చెప్పాలో ఎప్పుడు ఆలోచించుకోను? మీరు బస్సులో వెళ్ళేటప్పుడు కుదుపులు లెక్కపెట్టేవారా?"

లేదు. నేను నిద్రపోయేవాణ్ణి.

ఆ మాట అన్నాక ఏదో గుర్తొచ్చింది. ఇంటికి వెళ్ళి ట్రంకు పెట్టె తీశాను. నా ఉద్యోగంలో సగం కాలం తాడేపల్లిగూడెంలో. ఏలూరులో కాపురం, గూడెంలో ఆఫీసు. పద్దెనిమిదేళ్ళు రోజూ రానూ పోనూ. పొద్దున్నే బస్సెక్కడం, భీమడోలు రాకముందే కన్ను మూయడం. ఒక్కరోజు కూడా గూడెం దాటిపోలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో ఆ బస్సుకి పెద్ద గొంతున్న కండక్టరు ఉండేవాడు. భీమడోలూ, పూళ్ళా, కైకరం, ఉంగుటూరూ అంటూ ఒక్కొక్క ఊరినీ పేరు పెట్టి పిలిచేవాడు. బాదంపూడి అనగానే నేను లేచి చెప్పులు వెతుక్కునేవాణ్ణి.

ఒక్కరోజు కూడా దాటిపోలేదన్నది నిజం కాదని డైరీయే చెప్పింది. నాలుగు రాత్రులు వెతికితే దొరికిన పేజీ ఇది: "కండక్టరుకి గొంతు పోయింది. ఊళ్ళు పిలవలేదు. గూడెంలో దిగవలసినవాళ్ళం ఆరుగురం దాటిపోయాం. తణుకు దారిలో మెలకువ వచ్చింది. ఆఫీసుకి గంటన్నర ఆలస్యం. ఆరుగురిలో ఒకరు మా ఇంజనీరు గారు కనక మెమో రాలేదు."

అయితే ఆ పేజీ దొరికేదాకా నేను ఆగలేదు. మర్నాడు శుక్రవారం పొద్దున్నే, బస్సులో ఊళ్ళ పేర్లు పిలిపించమని డిపోకి అర్జీ పట్టుకెళ్ళాను. మేనేజరు గారు కుర్చీ వేయించి, అర్జీ మొత్తం చదివారు. అది చాలా అరుదు. ఊళ్ళ పేర్లు చెప్పే రికార్డింగు పెట్టాలని తమకూ ఉందని, దానికి పైనుంచి మంజూరు కావాలని చెప్పారు. "ఈలోపు కండక్టరు ఊరి పేరు పిలవడానికి ఏ ఆర్డరూ అక్కర్లేదండీ. అది ఎప్పుడూ ఉన్న పనే. నేను చెప్తాను" అన్నారు.

కండక్టరు గారికి కబురందింది. మనిషికి ఇష్టమే గాని సిగ్గు. "టిక్కెట్టు మిషను వచ్చాక ఊరి పేరు కాగితం మీదే పడుతుంది కదండీ. పిలవడం మానేసి ఏళ్ళయిందండి. ఇప్పుడు అరుద్దామంటే గొంతు పెగలడం లేదండి" అన్నాడు. సాయంత్రం బస్సులో ప్రయత్నించాడు. మా మేనకోడలు కూర్చున్న సీటు దగ్గరికి వచ్చి, వంగి, ఏదో ఇంటి గుట్టు చెప్పినట్టు "లాకులండీ" అనేవాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళేవాడు. రద్దీలో ఇరుక్కుంటే అదీ లేదు.

"మీరు నాకొక్కదానికే చెప్తున్నారండీ. బస్సుకి చెప్పండి" అంది మా మేనకోడలు.

శనివారం పొద్దున నేనూ మా చెల్లెలూ కూడా ఆమెతో ఎక్కాం. రైలు గేటు పడింది. బస్సు ఆగింది, ఇంజను ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో మా మేనకోడలు లేచి నిలబడి, కడ్డీ పట్టుకుని, క్లాసులో మాట్లాడినట్టే మాట్లాడింది.

"అందరికీ నమస్కారమండీ. సోమవారం నాడు ఏడుగురు నాకు స్టాపు చెప్తామన్నారండీ. అందరూ మంచివాళ్ళే. అందుకే దాటిపోయాను."

గుమస్తా గారు ఫోను జేబులో పెట్టుకున్నారు.

"ఇకమీదట ఎవరూ నాకు చెప్పొద్దండీ. నన్ను గుర్తు పెట్టుకోనూ వద్దు. దిగేవాళ్ళు మాత్రం దిగేముందు, ఎక్కడ దిగుతున్నారో ఆ పేరు గట్టిగా బస్సుకి చెప్పి దిగండి. ఎక్కడున్నామో తెలిస్తే మిగతాది నేను చూసుకుంటాను."

చెప్పి కూర్చుంది. తరవాత ఎండుచేపలావిడ, "ఓస్, ఇంతేనాండీ. పొద్దుగూకులూ వీధులెంట అరిచేదాన్ని, ఒక్క ఊరి పేరు అరవలేనా?" అంది.

"నువ్వు అరిస్తే బస్సు ఆగదు, టైరు పేలుతుంది" అన్నారు గుమస్తా గారు.

"మీరు ఫోనులో అరిచినంత కాదులెండి."

"అయితే నాదొక అనుమానమండీ. నేను దిగేది ఊరు కాదు, చెరువు గట్టు. దానికి పేరు లేదు."

"పెట్టండి" అంది మా మేనకోడలు.

గుమస్తా గారు రైలు వెళ్ళి గేటు లేచేదాకా ఆలోచించి, "మూడో గట్టు" అని నిర్ణయించారు. ఆ రోజు అక్కడ దిగుతూ ఆయన ఆ పేరు చెప్పిన తీరు చూస్తే రిజిస్ట్రీ చేయించుకున్నట్టే ఉంది.

ఆ రోజు అంతా సవ్యంగా జరగలేదు. కొందరు దిగాక కిందనించి చెప్పారు. ఒకాయన తన ఊరి పేరుకి బదులు తన పేరు చెప్పాడు. కాలేజీ పిల్లలు ఒకరికొకరు పోటీగా అరిచి, దిగి నవ్వుకుంటూ పోయారు. మా చెల్లెలు ఇదంతా చూసి "రెండు రోజుల ముచ్చట" అంది. ఆదివారం సెలవు. ఆ రాత్రే నాకు డైరీ పేజీ దొరికింది. సోమవారం బస్సులో గూడెం సంగతి కండక్టరు గారికి చదివి వినిపించాను. ఆయనకి అది బాగా పట్టింది. "ఇంజనీరు గారు కూడా దాటిపోయారాండీ" అని రెండుసార్లు అడిగాడు. ఆ సాయంత్రానికి గొంతు పెగిలింది.

అలా మంగళవారం వచ్చింది. ముసురు పట్టి కిటికీ అద్దాలన్నీ మూసేశారు. అద్దాలకి ఆవిరి పట్టి బయటిది ఏమీ కనిపించడం లేదు. మా మేనకోడలు ముందు తలుపు వెనక రెండో సీట్లో, తెల్ల కర్ర మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేనూ మా చెల్లెలూ చివరి సీట్లో. మా చెల్లెలి ఒళ్ళో తన క్యారేజీ. ఎందుకు తెచ్చిందో నేను అడగలేదు.

రైసుమిల్లు అన్నాడు కండక్టరు. ఇద్దరు దిగారు. ఇద్దరూ "రైసుమిల్లండీ" అని విడివిడిగా చెప్పారు. లాకులన్నాడు కండక్టరు. ఎండుచేపలావిడ దిగేది అక్కడ. గంపలు దించే హడావుడిలో చెప్పడం మరిచిపోయింది. బస్సు కదిలాక గుర్తొచ్చి, వానలో నిలబడి వెనకనించి "లాకులూ" అని పెట్టిన కేక డ్రైవరు గారికి కూడా వినిపించి ఆయన బ్రేకు వేశాడు. "ఏం లేదండీ, పదండి" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. ఐసు ఫ్యాక్టరీ దగ్గర కాలేజీ పిల్లలు పేరు అరిచి దిగారు. మూడో గట్టు దగ్గర గుమస్తా గారు గొంతు సవరించుకుని మరీ చెప్పి దిగారు.

తరవాత వచ్చేది రెండో వంతెన. అది దాటితే స్కూలు. రోజూ వంతెన దగ్గర నలుగురు పడవలవాళ్ళు దిగుతారు. ఆ రోజు వాన కనక ఒక్కరూ రాలేదు. దిగేవాళ్ళు లేరు, పేరు చెప్పేవాళ్ళు లేరు. కండక్టరు గారు మధ్యలో వంగి, సంచిలోంచి జారిపోయిన కోడిపుంజుని సీటు కిందనించి లాగుతున్నాడు. పుంజు యజమాని అవతలి వైపునించి లాగుతున్నాడు.

బస్సు వంతెన ఎక్కింది. నాకు నోటిదాకా వచ్చింది. మా చెల్లెలు నా మణికట్టు పట్టుకుంది. మాట్లాడకూడదన్న షరతు నేను పెట్టిందే. ఆవిడ గోళ్ళ గుర్తులు మధ్యాహ్నందాకా ఉన్నాయి.

ముందు సీట్లో మా మేనకోడలు కర్ర విప్పుకుంది. తాపీగా లేచింది. తలుపు పక్క కడ్డీ పట్టుకుని బస్సు వైపు తిరిగింది.

"స్కూలండీ" అంది గట్టిగా.

బస్సు ఆగింది. ఆమె దిగింది. కండక్టరు గారు పుంజుని చంకలో పెట్టుకుని, ఆలస్యంగా, "స్కూలు, స్కూలు" అని పిలుస్తున్నాడు. నేను అద్దం తుడిచి చూశాను. గొడుగు వేసుకుని ఇరవై ఆరు అడుగులూ నడిచి గేట్లోకి వెళ్ళిపోయింది. గేటు దగ్గర పిల్లలు గుంపుగా నిలబడి గుడ్ మాణింగ్ చెబుతున్నారు. మేము ఊళ్ళో దిగి, ఎదురు బస్సులో వెనక్కి వచ్చాం. దారంతా మా చెల్లెలు క్యారేజీ ఒళ్ళోంచి దించలేదు.

సాయంత్రం మా మేనకోడల్ని అడిగాను, వంతెన ఎలా తెలిసిందని.

"మూడో గట్టు దాటాక మిగిలింది వంతెన ఒక్కటేగా మావయ్యా. వంతెన మీద చక్రాల చప్పుడు మారుతుంది. మీ జాబితాలో పదిహేడో గుర్తు."

నాకు చాలా సంతోషం వేసింది. జాబితాలో పదిహేడు పక్కన టిక్కు పెట్టుకున్నాను.

మా చెల్లెలు మాత్రం ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు. "ఇవాళ మనమున్నాం వెనకాల. అది దానికి తెలుసు. రేపు మనం లేకుండా చూద్దాం" అంది. అర్జీ ఇంకా డైరీలోనే ఉంది.

మర్నాడు బుధవారం. వాన వెలిసింది. ముగ్గురం బస్టాండుకి వెళ్ళాం. మైకులో చెప్పిన ప్లాట్‌ఫారం కాక పక్కదాని మీద పెట్టారు బస్సు. మా మేనకోడలు ఎండుచేపలావిడ గొంతు పట్టుకుని సరిగ్గా అక్కడికే నడిచింది. ఎక్కుతూ "మీరిద్దరూ ఇక వెళ్ళండి" అంది.

అప్పుడు చూశాను, కండక్టరు ఆయన కాదు. ఎవరో కొత్తావిడ. మన కండక్టరు గారికి ఆ రోజు వీక్లీ ఆఫట. వారం రోజుల నా ఏర్పాట్లలో వీక్లీ ఆఫ్ అనే మాటే లేదు. ముప్పై మూడేళ్ళు సెలవు చీటీలు చూసినవాణ్ణి, నాకే తట్టలేదు. కొత్తావిడకి పిలవడం సంగతి తెలియదు, స్కూలు తెలియదు, మా అమ్మాయి తెలియదు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. నేను ఇంకేమీ ఆలోచించలేదు. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టేశాను.

వెనకనించి ఎవరో నా చొక్కా పట్టుకుని లాగారు.

"దిగన్నయ్యా" అంది మా చెల్లెలు.

"కండక్టరు కొత్తావిడ. ఆవిడకి ఒక్క మాట చెప్పి..."

"దానికి చెప్పుకోవడం రాదా? దిగు."

దిగాను. కిటికీలోంచి ఎండుచేపలావిడ గొంతు వినిపిస్తోంది. "చూడండి అమ్మగారూ, ఈ బస్సులో ఒక పద్ధతుందండి. దిగేవాళ్ళు పేరు చెప్పి దిగాలండి. మీరూ పిలవాలండి. మీ గొంతు బాగానే ఉందాండీ?" కొత్త కండక్టరు ఏమందో వినపడలేదు. బస్సు గేటు దాటి వెళ్ళిపోయింది.

మేమిద్దరం టీ కొట్టు పక్క బల్ల మీద కూర్చున్నాం. ఇంటికి పోదామని ఎవరూ అనలేదు. ఏడూ నలభై రెండుకి బస్సు కదిలింది కనక ఎనిమిదీ ముప్పై ఏడుకి స్కూలు. దిగగానే ఫోను చెయ్యాలన్నది ఒప్పందం. ఎనిమిదీ ముప్పై ఏడయింది. ముప్పై ఎనిమిదయింది. మా చెల్లెలు నా గడియారం చూడడం మానేసి బస్టాండు గడియారం చూడడం మొదలుపెట్టింది. అది ఆగిపోయి చాలా కాలమైందని ఆవిడకీ తెలుసు.

ఎనిమిదీ నలభై ఒకటికి ఫోను మోగింది. మా చెల్లెలే ఎత్తింది. స్పీకరు పెట్టడం రాక చెవికి ఆనించుకుంది. అయినా నాకు వినిపించింది. వెనకాల పిల్లల గోల.

"దిగానమ్మా. గేట్లోకి కూడా వచ్చేశాను. కొత్తావిడ మలుపుల్ని కూడా వదలకుండా పిలుస్తోంది, అందుకే లేటు. ప్రేయర్ బెల్లు కొడుతున్నారు, ఉంటాను."

మా చెల్లెలు ఫోను ఒళ్ళో పెట్టుకుంది. తరవాత చేతిసంచి తెరిచి, అడుగునించి తన క్యారేజీ తీసింది. అంటే ఆవిడ కూడా ఎక్కుదామనే వచ్చింది. నేను ముందు కాలు పెట్టేసరికి ఆవిడ మనసు మార్చుకుందన్నమాట. ఆ విషయం ఇద్దరం ఎత్తలేదు.

"ఇదిప్పుడు ఎవరు తింటారు?" అంది.

"మనమే" అన్నాను.

పైగిన్నెలో పెరుగన్నం, కింద గిన్నెలో బెండకాయ వేపుడు, మూతలో మాగాయ. పొద్దున్న తొమ్మిదింటికి బస్టాండు బల్ల మీద అన్నాచెల్లెళ్ళం ఇద్దరం చెరో గిన్నె పెట్టుకుని తిన్నాం. మాగాయ టెంక చీకాక ఎక్కడ పడెయ్యాలో తెలియక ఆవిడ అటూ ఇటూ చూసింది. నేను డైరీలోంచి మడిచిన అర్జీ తీసి, విప్పి, బల్ల మీద పరిచాను. ఆవిడ దాని మీద టెంక పెట్టింది.